మంచం లెక్కలో మనిషి

మా ఇల్లు, మూడో అంతస్తు

ఒరేయ్ తమ్ముడూ,

మీ మోటారు మంచం వచ్చింది. మోసుకొచ్చిన ఇద్దరూ మెట్ల మలుపులో ఇరుక్కుని, ఒకడు ముందుకంటే ఒకడు వెనక్కంటూ చాలాసేపు పోట్లాడుకున్నారు. కింది ఇంటి టీచరమ్మ తలుపు తీసి క్లాసులో పిల్లల్ని అదిలించినట్టు అదిలిస్తే గానీ పైకి రాలేదు. ఫోను చెయ్యకుండా ఉత్తరాలేమిటని అనకు. మీ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారు, నువ్వు బయటపడేసరికి మేం పడుకుంటాం. పైగా నేను ఫోన్లో మాట్లాడితే మీ బావ మంచంమీంచే నా మాటలన్నీ పూర్తి చేసేస్తారు.

ఆయన సంగతి అలాగే ఉంది. కాళ్ళలో కదలిక లేదు, ఎడమ చెయ్యి అంతంతమాత్రం. వెల్లకిలా ఉంచి తినిపిస్తే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతుందని, తిన్నాక కూడా కాసేపు తల ఎత్తుగానే ఉంచాలని డాక్టరు మళ్ళీ గట్టిగా చెప్పాడు. దిండ్లు పెడితే జారిపోతున్నారు. అందుకే నీ మంచం కోసం కళ్ళు కాయలు కాచేలా చూశాను. ఇన్నేళ్ళు బస్సు నడిపిన మనిషి, ఇప్పుడు ప్యాసింజరైపోయానని తనమీద తనే జోకులేసుకుంటున్నారు.

నువ్వు రాసిచ్చినట్టే వైర్లు పెట్టాను. ఏ వైరు ఏ కన్నంలో పెట్టినా ఫరవాలేదన్నావు కదా, ధైర్యంగా పెట్టేశాను. స్విచ్చి వేయగానే మంచం తనంతట తానే తల ఎత్తింది, కాళ్ళు ఎత్తింది, మళ్ళీ దింపింది. ఆ కుదుపుకి మీ బావ బెదిరిపోయి నా చెయ్యి పట్టుకున్నారు. అది ఆగేదాకా మంచం అంచున కూర్చుని ఆయన్ని ఓదార్చాను. ఆఖరికి వైర్లు పెట్టిన కంట్రోలు డబ్బా మీద చిన్న తెరలో 'భాగాలు: మూడు, అన్నీ ఉన్నాయి' అని వచ్చింది. మోటార్లు రెండే కదరా, తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి. మూడోది ఏమిటి?

మీ అక్క

*

ఫ్యాక్టరీ, టెస్టింగు గది

అక్కా,

కొంపలేం మునగలేదు, ఒక చిన్న పొరపాటు చేశావంతే. ఆ డబ్బాకి ఏ మోటారు ఏదో ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు ఒక్కో వైరులోకి కాస్త కరెంటు పంపుతుంది. అవతలున్నది ఎంత బరువు మోస్తోంది, ఎలా వణుకుతోంది, ఎంతసేపట్లో ఆగుతోంది అన్నీ చూసుకుని ఇది తలవైపుది, ఇది కాళ్ళవైపుది అని తనే గుర్తుపడుతుంది. నాడి చూడటం లాంటిదే అనుకో. మేమిక్కడ దాన్ని 'పరిచయం' అంటాం.

పరిచయం జరిగేటప్పుడు మంచం చుట్టూ నేలమీద పసుపు గీత ఉంటుంది, మాలో ఎవ్వరం ఆ గీత దాటం. పడుకున్న మనిషిని అది బరువుగానే చూస్తుంది, దాంతో ఇబ్బంది లేదు. కానీ పక్కన ఇంకొకరు అంచున కూర్చుని, కాళ్ళు నేలకానించి, మంచం కదిలినప్పుడల్లా తామూ కదులుతుంటే, ఆ కదలికని కూడా ఒక భాగం కింద జమ వేసుకుంటుంది. నువ్వు అలాగే జమ పడ్డావు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు కూడా ఇదే తప్పు చేసి మా ఫోర్‌మన్ చేత తిట్లు తింటుంటారు.

స్విచ్చి తీసి, డబ్బా మీది ఎర్ర బటన్ నొక్కి పట్టుకుని, మళ్ళీ పరిచయం చేయించు. నువ్వు మాత్రం గదిలో ఉండకు, మెట్ల దగ్గరికి వెళ్ళిపో. బావని ఆ కాస్సేపూ ధైర్యంగా ఉండమను. ఇది ముఖ్యం అక్కా. ఒకసారి గుర్తుపట్టిన భాగం కనబడకపోతే ఆ డబ్బా మంచాన్ని కదలనివ్వదు. విరిగిన మోటారుతో మనిషిని లేపితే ప్రమాదమని అలా పెట్టాం.

నీ తమ్ముడు

*

మా ఇల్లు

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. బటన్ నొక్కి మెట్ల దగ్గరికే కాదు, కింద టీచరమ్మ వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను. తిరిగొచ్చి చూస్తే మళ్ళీ మూడే. ఇంకోసారి చేశాను, ఈసారి వీధి చివరిదాకా వెళ్ళాను. అప్పుడూ మూడే.

నువ్వు చెప్పిన ముఖ్యమైన సంగతి కూడా నిజమే. కూరగాయలకని కిందికి వెళితే మంచం లేవడం లేదు. మొన్న ఫిజియోథెరపీ అమ్మాయి మీ బావని కూర్చోబెట్టి వ్యాయామం చేయిస్తోంది. నేను బైండింగు చేసిన పుస్తకాలు ఇచ్చి రావడానికి బయల్దేరాను. నేను గుమ్మం దాటగానే మంచం సగంలో ఆగిపోయిందట. ఆ అమ్మాయి రిమోటు నొక్కీ నొక్కీ విసిగిపోయింది. నేను తిరిగొచ్చి చెప్పులు విప్పుతుంటే, ఎవరూ ఏమీ నొక్కకుండానే, మిగతా సగం లేచింది. ఆ పిల్ల ముఖం చూడాలి నువ్వు. మర్నాటి నుంచి వేరే అమ్మాయిని పంపారు.

ఇంకొకటి. నేను వంటింట్లోంచి గదిలోకి వచ్చినప్పుడల్లా మంచం కింద సన్నగా 'మ్...' అని మోగుతోంది. కాసేపు మోగి ఆగిపోతుంది. మీ బావకి ఇదంతా సరదాగా ఉంది. "చూశావా, నన్ను లేపేది నువ్వేనని దానికి కూడా తెలిసిపోయింది" అన్నారు. నేనూ నవ్వాను గానీ, నాకు నవ్వొచ్చి కాదు. ఈ మధ్య వంట చేస్తూ కూడా దానికి వినబడకుండా నడవాలని మునివేళ్ళమీద నడుస్తున్నాను. అయినా మోగుతుంది.

మీ అక్క

*

టెస్టింగు గది

అక్కా,

ఆ మోత గురించి భయపడకు. తన భాగాలన్నీ ఉన్నాయో లేదో డబ్బా అప్పుడప్పుడూ సరిచూసుకుంటుంది, ఆ చప్పుడే అది. మీ ఇంట్లో నేల పాతది, నీ అడుగుల అదురు మంచం కాళ్ళ గుండా మోటారుకి తెలుస్తుంటుంది. ఆ డబ్బాలోనే ఏదో లోపం ఉండొచ్చు. కొత్తది పంపుతున్నాను, సీలు తీయనిది, ఏ మంచానికీ పెట్టనిది. పాతది తీసేసి ఇది పెట్టు. పరిచయం అయ్యేదాకా నువ్వు మాత్రం అసలు ఇంట్లో ఉండకు.

వీధి చివరికి వెళ్ళినా మూడే ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఫోర్‌మన్‌ని అడిగితే, నీ పని నువ్వు చూసుకో అన్నాడు. ఆయన అలా విసుక్కునే మనిషి కాదు.

నీ ఆరోగ్యం ఎలా ఉంది? వేళకి తింటున్నావా? ఎంతసేపూ బావ సంగతే గానీ నీ సంగతి రాయవు. నీరసంగా ఉంటోందా? ఎక్కడైనా నొప్పి ఉందా? ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్ళి అన్ని పరీక్షలూ చేయించుకోరాదూ. ఊరికే అంటున్నాను, వయసు వచ్చాక అందరూ చేయించుకోవాల్సిందే.

నీ తమ్ముడు

*

మా ఇల్లు

తమ్ముడూ,

నీకు అక్కని ముసలిదాన్ని చేసే తొందర ఎప్పట్నుంచి పట్టుకుంది? నేను బాగానే ఉన్నాను. కుడి భుజం కాస్త పట్టేసింది, చెయ్యి పైకెత్తితే లాగుతోంది. రోజంతా పుస్తకాలు కుట్టేవాళ్ళకి భుజం నొప్పి కాక ఇంకేం వస్తుంది. మళ్ళీ ఆ ప్రశ్నలు వేయకు.

నీ కొత్త డబ్బా పెట్టాను. సీలు నేనే తీశాను. టీచరమ్మకి ఎర్ర బటన్ చూపించి, నేను బస్సెక్కి రెండు స్టాపుల అవతల దిగి, అక్కడ బల్లమీద కూర్చుని, తిరిగొచ్చాను. గుమ్మంలోనే నాకు ఎదురొచ్చి చెప్పింది, మూడు అని. నన్నెన్నడూ చూడని డబ్బారా అది. నా బరువు తెలియదు, నా అడుగు తెలియదు. మరి నన్ను ఎలా లెక్కపెట్టింది?

టీచరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. నా బస్సు ఇంకా వీధి మలుపు తిరగకముందే మంచం మోగడం మొదలైందట. మీ బావ తలుపు వైపు తల తిప్పి "వచ్చేస్తోంది, తలుపు గడియ తియ్యండి" అన్నారట. ఇప్పుడు ఆయన గడియారం చూడటం మానేశారు. నా కోసం ఆ మోత వింటూ ఉంటారు. నేను కిందికి వెళ్ళాలంటే ఆయన ముఖంలో దిగులు కనబడుతోంది, చిన్నపిల్లాడు బడి గేటు దగ్గర చూసే చూపు అది. నాకు కోపమొస్తోంది, ఎవరి మీదో తెలియడం లేదు.

ఆయనకి తినిపించేటప్పుడు నేను గదిలో ఉండాలి, తిన్నాక తల ఎత్తుగా ఉన్నంతసేపూ ఉండాలి, దింపేటప్పుడూ ఉండాలి. నా రోజంతా ఆ మంచం చుట్టూనే తిరుగుతోంది. నన్ను నువ్వు ఆ మంచానికే బిగించి పంపావురా.

మీ అక్క

*

టెస్టింగు గది

అక్కా,

ఈ ఉత్తరం బావ ముందు చదవకు.

ఇంట్లో తెరమీద భాగాల లెక్క ఒక్కటే కనబడుతుంది. పూర్తి రిపోర్టు ఆన్‌లైన్లో నా టేబుల్ మీదికి వస్తుంది. నీ మొదటి ఉత్తరం రాకముందే నేను దాన్ని చూశాను. తలవైపు మోటారు ఎదురుగా 'బాగుంది' అని ఉంది, కాళ్ళవైపు దాని ఎదురుగా 'బాగుంది' అని ఉంది. మూడో భాగం ఎదురుగా 'అరుగుదల' అని ఉంది.

ఒక మోటారుకి ఆ మాట వచ్చిందంటే మేం దాన్ని విప్పుతాం. పైకి బ్రహ్మాండంగా తిరుగుతుంటుంది, విప్పి చూస్తే లోపల ఏదో ఒకటి పాడవుతూ ఉంటుంది. ఆ మాట తప్పడం నేను చూడలేదు. పాత డబ్బా తప్పు చెప్పిందేమోనని ఆశపడి కొత్తది పంపాను. అదీ అదే మాట పంపింది, ఈసారి 'కుడివైపు' అని కూడా చేర్చింది. ఆ తర్వాతే నీ ఉత్తరం వచ్చింది, భుజం నొప్పి అని.

ఇదివరకు ఇంకో ఇంట్లో కూడా ఇలాగే లెక్కలో ఒక మనిషి చేరిందని ఫోర్‌మన్ నిన్న ఒప్పుకున్నాడు. ఆవిడ సంగతి అడిగితే చెప్పలేదు, తల దించుకున్నాడు. నాకు భయంగా ఉంది అక్కా. డొంకతిరుగుడుగా అడిగితే నువ్వు వెళతావనుకున్నాను, వెళ్ళలేదు. ఇప్పుడు తిన్నగా అడుగుతున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్ళు.

రిమోటు మీద పైబటనూ కిందిబటనూ ఒకేసారి నొక్కి పట్టుకుంటే ఆ పూర్తి రిపోర్టు నీ తెరమీదే వస్తుంది. నమ్మకం కలగకపోతే చూసుకో.

నీ తమ్ముడు

*

మా ఇల్లు

తమ్ముడూ,

నొక్కి చూసుకున్నాను. చూడకపోయినా నమ్మేదాన్నే.

నాకు ముందే తెలుసురా. మంచం రాకముందు నుంచీ కుడి రొమ్ములో గడ్డ తగులుతోంది. డాక్టరమ్మ చూసింది, ముక్క తీసి పరీక్ష చేయించింది, ఆపరేషన్ చేయాలంది, ఆ తర్వాత చాలా రోజులు ఆసుపత్రిలో ఉండాలంది. సరేనని వచ్చి, కాగితాలన్నీ బీరువాలో చీరల కింద పెట్టి, ఆయనకి అన్నం తినిపించాను. ఆయన్ని ఎవరు చూస్తారు? మంచం వస్తే టీచరమ్మ బటన్ నొక్కినా సరిపోతుంది, అప్పుడు వెళ్ళొచ్చనుకున్నాను. మంచం కోసం ఎందుకంతగా ఎదురుచూశానో ఇప్పుడు అర్థమైందా? తీరా వచ్చిన మంచం నేను లేకపోతే లేవనంది. నేను పది రోజులు పడకేస్తే ఆయన పది రోజులు వెల్లకిలా ఉండాలి. అలా ఉంటే ఆయన బతకరు.

నాకు చావంటే భయం లేదని పెద్ద మాటలు చెప్పను. చాలా భయంగా ఉంది. కానీ ఏం చెయ్యను?

మీ అక్క

*

అక్కావాళ్ళ ఇల్లు

అక్కా,

నర్సు చేతికి ఇచ్చి పంపుతున్నాను, లేవకుండా పడుకునే చదువు. ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరమ్మ నాతో చెప్పింది. నీతోనూ చెప్పే ఉంటుంది, అయినా నేనూ రాస్తున్నాను, రెండుసార్లు వింటే మంచిదే.

బావకి అంతా చెప్పేశాను. దాచడం మనిద్దరికీ బాగా అబ్బింది గానీ, ఆయనకి అది చేతకాదు. అంతా విని "నాకే తెలియంది ఆ మంచానికెలా తెలిసింది?" అన్నారు. కోపం కాదు అది, ఉక్రోషం.

సెలవు పెట్టి వచ్చిన మొదటి రోజుల్లో, మంచం లేవక, నేనే ఆయన వెనక కూర్చుని, ఆయన్ని నా గుండెకి ఆనించుకుని తినిపించాను. బస్సు సీటు కంటే గట్టిగా ఉన్నావన్నారు. కానీ తిన్నాక అంతసేపు పట్టుకోవడం నా వల్ల కాలేదు, ఒకరోజు పొరమారి ముఖం నీలంగా మారిపోయింది. ఇక లాభం లేదని మళ్ళీ పరిచయం చేయించాను. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, టీచరమ్మని బయటికి పంపాను, ఎర్ర బటన్ నొక్కాను. మంచం కదలగానే బావ నా చెయ్యి పట్టేసుకున్నారు. పొరమారిన దగ్గర్నుంచీ ఆయనకి భయం పట్టుకుంది. విడిపించుకుని వెళ్ళాలి, నియమం అదే. వెళ్ళలేకపోయాను. అంచున కూర్చుని, ఏం కాదు బావా, నేనున్నాను అంటూ ఉండిపోయాను.

మూడు అని వచ్చింది. ఇంకా నిన్నే లెక్కపెడుతోందనుకున్నాను. కానీ బటన్ నొక్కితే మంచం ఇట్టే లేచింది. నువ్వు లేకుండానే. అప్పుడు అర్థమైంది, అది నీ పేరు కొట్టేసింది. ఇప్పుడు లెక్కలో ఉన్నది నేను. నేను టీ తాగడానికి కిందికి దిగితే ఆగిపోయింది, వస్తే మోగింది. ఇన్ని నెలలు నువ్వు దీంతో ఎలా వేగావో ఇప్పుడు తెలిసింది.

అయినా నువ్వు బయటపడ్డావు, నాకది చాలు. తొందరపడకుండా కోలుకో.

నీ తమ్ముడు

*

టెస్టింగు గది

అక్కా,

నువ్వు ఇంటికొచ్చి నెమ్మదిగా నడుస్తున్నావని టీచరమ్మ రాసింది. కుట్లు మానాయా? ఇక్కడ ఒకటే ఎండ. క్యాంటీన్లో కొత్త బల్లలు వేశారు, కూర్చుంటే కిర్రుమంటున్నాయి. ఫోర్‌మన్ నన్ను టెస్టింగు నుంచి ప్యాకింగుకి మారుస్తానంటున్నాడు, మంచిదే, పని తక్కువ.

ఆ మంచం వాడొద్దు. నేను వచ్చేశాక లేవడం లేదని నాకు తెలుసు. చేత్తో తిప్పే మంచం ఒకటి పంపుతున్నాను, మొదట్లోనే అది పంపాల్సింది, మోటారు లేదు, డబ్బా లేదు. పాతదాని స్విచ్చి తీసేసి, తెరమీద గుడ్డ కప్పెయ్యి. ఆ రెండు బటన్లూ ఇక నొక్కాల్సిన పని లేదు. నీకు సంబంధించినవేవీ అందులో లేవు.

నేను కులాసా. ఈ నెల రావడం కుదరదు. వచ్చే నెల కూడా చెప్పలేను.

నీ తమ్ముడు

*

మీ ఫ్యాక్టరీ గేటు ఎదురుగా, టీ కొట్టు

తమ్ముడూ,

ఇది పోస్టులో రాలేదు. మీ వాచ్‌మన్ చేతికిచ్చాను. ఎవరినీ లోపలికి పంపడట, ఉత్తరమైతే ఇస్తానన్నాడు.

నువ్వు నొక్కొద్దని రాశావు కాబట్టి నొక్కాను. నువ్వు క్యాంటీన్ బల్లల గురించి రాసే రకం కాదురా. కిర్రుమనే బల్లలు నాకెందుకు రాశావా అని ఆ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివి, గుడ్డ తీసి, స్విచ్చి వేసి, రెండు బటన్లూ నొక్కాను. తలవైపు మోటారు బాగుంది. కాళ్ళవైపు మోటారు బాగుంది. నేను ఆ మంచం మీద కూర్చున్నా, లేచినా దానికి పట్టదు, నన్ను మర్చిపోయింది. మూడోది నువ్వే. నీ ఎదురుగా అదే మాట ఉంది. 'ఎడమవైపు, లోపల' అని కూడా ఉంది.

ఆ రిపోర్టు నాకంటే ముందు నీ టేబుల్ మీదికి వస్తుంది. నువ్వు చూశావు. మా ఇంట్లో ఉండగానే చూశావేమో. చూసి, కులాసా అని రాశావు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆ తర్వాత కూర్చుని ఏడ్చాను. నీకు భయమేసిందని నాకు తెలుసు. నాకూ వేసింది, నేనూ చీరల కింద దాచాను. అప్పుడు నువ్వు నన్ను దాచుకోనివ్వలేదు. నేను మాత్రం నిన్ను ఎలా దాచుకోనిస్తాను?

మీ బావ ఆ చేత్తో తిప్పే మంచం మీద ఉన్నారు, టీచరమ్మ దగ్గరుంది. "నా సంగతి నేను చూసుకుంటాను, ముందు వాణ్ణి పట్టుకురా" అని పంపించారు. నేను బస్సెక్కేటప్పుడు పాత మంచం గోడవారగా ఉంది, స్విచ్చి తీసేసే ఉంది. ఇందాక టీ కొట్టు ఫోన్లోంచి మాట్లాడితే, అది మోగుతోందని మీ బావ చెప్పారు. టీచరమ్మ ప్లగ్గు కూడా పీకేసిందట. అయినా మోగుతోంది. ఇదివరకటిలా కాదు, ఆగి ఆగి మోగుతోందట, ఒక్కో మోతకీ మధ్య ఎడం పెరుగుతోందట. "అది వాడి గుండె చప్పుడులా ఉంది, తొందరపడు" అన్నారు.

డాక్టరమ్మతో మాట్లాడాను. ఎంత ఆలస్యమైనా మన కోసం ఉంటానంది. ఆటో ఆపి పెట్టాను, డ్రైవరు గొణుగుతున్నాడు. చొక్కా మార్చుకోకు, ఫోర్‌మన్‌ని అడగకు, చేతిలో పని అక్కడే వదిలేసి ఉన్నపళంగా గేటు బయటికి రా. నేనిక్కడే నిలబడి ఉన్నాను.

మీ అక్క